కార్డు ఖాళీ అవనివ్వండి

ప్రీపెయిడ్ కార్డు యాప్‌లో పిల్లల పేరు చేర్చి మొదటిసారి డబ్బు వేయగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. బ్యాలెన్స్ ఇంతకన్నా తగ్గితే దానంతటదే మళ్లీ ఇంత వేయమంటారా అని. అమ్మానాన్నలు చాలామంది మరో ఆలోచన లేకుండా సరేనంటారు. బయటికెళ్లిన పిల్ల చేతిలో డబ్బు లేకపోతే ఎలా అన్న భయం అది. నిజమైన భయమే. కానీ ఆ ఒక్క ‘సరే’తో కార్డు తీసుకున్న పనే చెడిపోతుంది.

లెక్క చూడండి. ఏ దేశం డబ్బుకైనా ఇదే లెక్క కాబట్టి ఉత్త అంకెలే చెబుతాను. నెలకు 100 చాలనుకున్నారు. బ్యాలెన్స్ 10 లోపుకి దిగితే 50 పడేలా పెట్టారు. పిల్లవాడు మొదటి వారంలోనే 92 ఖర్చుపెట్టాడు. మిగిలింది 8. వెంటనే 50 పడింది, 58 అయింది. ఇంకో పది రోజులకు అది 9కి దిగింది, మళ్లీ 50 పడింది. నెలాఖరుకు కార్డులోకి వెళ్లింది 200. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. పిల్లవాడికి తెలిసినంతవరకు ఆ కార్డు ఒక్కరోజు కూడా ఖాళీ అవలేదు. మొదటి వారంలో చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టిన సంగతి వాడికి తెలిసే అవకాశమే మనం లేకుండా చేశాం.

అందుకే ఆ సెట్టింగ్ తీసేయమంటాను. ఎంత ఇవ్వాలో పెద్దవాళ్లు ముందే తేల్చుకోవాలి. దేనికి ఖర్చుపెట్టాలో పిల్లలకు వదిలేయాలి. అయిపోతే అయిపోనివ్వాలి. ఈ మూడూ కుదిరితే కార్డు పనిచేసినట్టు. కుదరకపోతే ఎన్ని లిమిట్లు పెట్టినా, ఎన్ని మెసేజ్‌లు వచ్చినా, అది మన పర్సుకు కట్టిన తాడే.

ఒకే కుండలో అందరి గరిటెలు వద్దు

ముందు ఏ కార్డు ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మీ క్రెడిట్ కార్డు మీద ఇచ్చే యాడ్ ఆన్ కార్డులో పిల్లల డబ్బంటూ ఏమీ ఉండదు. వాళ్లు గీకింది మీ అప్పు. డెబిట్ కార్డు వెనక బ్యాంకు ఖాతా ఉంటుంది, ఆ ఖాతాలో ఎంత ఉంటే అంతా ప్రమాదంలో ఉన్నట్టే. ప్రీపెయిడ్ కార్డులో ముందుగా వేసిన మొత్తమే ఉంటుంది, దాని నంబరు ఎవరి చేతికి చిక్కినా నష్టం ఆ మొత్తంతోనే ఆగుతుంది.

కుటుంబాల కోసం వచ్చే ప్రీపెయిడ్ కార్డుల్లో మళ్లీ రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో పెద్దవాళ్ల వాలెట్ ఒకటుంటుంది, పిల్లల కార్డులకు దేని బ్యాలెన్స్ దానిదే. పెద్ద వాలెట్ నుంచి చిన్నవాటికి డబ్బు పంపుతాం. రెండోదానిలో డబ్బంతా ఒకేచోట ఉంటుంది, కార్డుకింత అని లిమిట్ మాత్రమే పెడతాం. రెండోది సులువుగా కనిపిస్తుంది. నేను మొదటిదే తీసుకోమంటాను. ఉమ్మడి కుండలో ఒకరి కొనుగోలు ఇంకొకరి డబ్బును బిగించేస్తుంది. అక్క ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డర్ కోసం ఆగిపోయిన మొత్తం వల్ల తమ్ముడి కార్డు కౌంటర్ దగ్గర చెల్లదు. అసలు కారణం ఎవరికీ తట్టక ఇంట్లో గొడవ అవుతుంది.

ఒక్కో పిల్లకు కూడా వీలైతే రెండు విడి జేబులు పెట్టండి. ప్రయాణం, బడిలో భోజనం లాంటి తప్పనిసరి ఖర్చులకు ఒకటి, సొంత ఇష్టానికి ఒకటి. కార్డు ఖాళీ అవనివ్వండి అని నేను చెప్పేది రెండోదాని గురించి. ఆట కొనుక్కున్నందుకు ఇంటికొచ్చే దారి మూసుకుపోకూడదు. యాప్‌లో రెండు జేబుల వీలు లేకపోతే తప్పనిసరి ఖర్చులకు ప్రయాణ పాసు, ముందే కట్టిన భోజనం టోకెన్లు లాంటి వేరే ఏర్పాటు చేసి, కార్డును ఇష్టాల ఖర్చుకే వదలండి.

ఎంత, ఎప్పుడు

ఊహించి అంకె వేయకండి. నాలుగు వారాల పాటు పిల్లలకు ఇప్పుడిస్తున్నదంతా, అడిగినప్పుడు ఇచ్చే చిల్లరతో సహా, ఒకచోట రాయండి. సగటు తీసి, అందులో తప్పనిసరివి పక్కన పెడితే మిగిలేదే ఇష్టాల ఖర్చు. మొదట్లో అంతే ఇవ్వండి. కార్డు వచ్చిన నెలలోనే కోత పెడితే వాళ్ల దృష్టిలో కార్డంటే శిక్ష.

పన్నెండేళ్లలోపు వాళ్లకు వారం వారం, పైవాళ్లకు రెండు వారాలకోసారి, పదహారు దాటాక నెలకోసారి ఇవ్వడం బాగుంటుందని నా అభిప్రాయం. వారం లెక్కలో ఒక చిక్కుంది. నెలకు 100 అనుకుని దాన్ని నాలుగుతో భాగించి వారానికి 25 చొప్పున వేస్తే ఏడాదికి 1,200 అవుతుందనుకుంటాం. ఏడాదిలో ఉన్నవి 52 వారాలు. 25 చొప్పున 1,300 అవుతుంది, నెలకు సగటున 108 పైచిలుకు. ఏడాదిలో కనీసం నాలుగు నెలల్లో ఐదోసారి డబ్బు వేయాల్సి వస్తుంది, ఆ నెలల్లోనే పెద్దవాళ్లు ‘ఈసారి ఆగు’ అంటారు. చెప్పిన రోజున డబ్బు పడకపోతే పిల్లలు లెక్క వేసుకోవడం మానేసి అడుక్కోవడం మొదలుపెడతారు. కాబట్టి నెలకు 108 పైచిలుకు కేటాయించండి, లేదా వారానికి 23 ఇవ్వండి. ఐదో వారాన్ని మాత్రం ఎగ్గొట్టకండి.

ఏ రోజు వేస్తారన్నదీ ముఖ్యమే. రెండు రోజుల సెలవుకు ముందురోజు సాయంత్రం వేస్తే ఆ రెండు రోజుల్లోనే ఊడ్చిపెట్టుకుపోతుంది, బడి ఉన్న రోజులన్నీ కార్డు ఖాళీగా ఉంటుంది. బడి మొదలయ్యే రోజు ఉదయం వేయండి. అప్పుడు సెలవుల ఖర్చుకు వాళ్లే వారం పొడవునా దాచుకోవాలి. తేడా రెండు మూడు రోజులే కానీ ఫలితం చాలా వేరుగా ఉంటుంది.

దుకాణానికి కోడ్ ఉంటుంది, వస్తువుకు ఉండదు

ఈ యాప్‌లు గొప్పగా చూపించే సౌకర్యం, ఫలానా రకం దుకాణాల్లో కార్డు చెల్లకుండా ఆపడం. ఇది ఎలా పనిచేస్తుందో తెలియక పెట్టుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ నాలుగంకెల కోడ్ ఒకటి ఇస్తారు. 5411 కిరాణా, సూపర్‌మార్కెట్లు. 5812 రెస్టారెంట్లు, 5814 ఫాస్ట్‌ఫుడ్. 5912 మందుల షాపులు. 5816 డిజిటల్ ఆటలు. 7995 జూదం, పందాలు. 6011 ఏటీఎంలో నగదు. 6051 విదేశీ కరెన్సీ, మనీ ఆర్డర్లు, క్రిప్టో లాంటి నగదుతో సమానమైనవి. కార్డు కంపెనీ దగ్గరికి వెళ్లే సమాచారంలో సాధారణంగా ఈ కోడ్, వ్యాపారి పేరు, మొత్తం మాత్రమే ఉంటాయి. సంచిలో ఏముందో దానికి తెలియదు.

దీనివల్ల వచ్చే తంటాలు చూడండి. బయటి తిండి తగ్గించాలని 5812, 5814 ఆపేశారు. బడి క్యాంటీన్‌ను బయటి కాంట్రాక్టరు నడుపుతుంటే అతని మెషిన్‌కూ అదే కోడ్ ఉండొచ్చు. మధ్యాహ్నం వరసలో నిలబడ్డ పిల్లకు అన్నం దొరకదు. అదే సమయంలో సూపర్‌మార్కెట్లో మీరు వద్దనుకున్న శీతల పానీయాలు, సిగరెట్లు అన్నీ 5411 కిందే దర్జాగా బిల్లవుతాయి. ఇంతచేసీ ఆపాలనుకున్నది ఆగలేదు, ఆగకూడనిది ఆగింది. యాప్ స్టోర్లలో పుస్తకం కొన్నా, ఆటలో వజ్రాలు కొన్నా కార్డు కంపెనీకి చాలాసార్లు ఒకే పేరుతో కనిపిస్తుంది.

కాబట్టి 7995, 6051 ఆపండి, అవి పిల్లల చేతిలో ఎక్కడా అవసరం లేనివి. పిల్లలకు తగని, పెద్దలకు మాత్రమే అయిన వ్యాపారాల కోడ్‌లు కొన్నిటిని చాలా యాప్‌లు ముందే ఆపి ఉంచుతాయి. మిగతావన్నీ తెరిచే ఉంచండి. ఏ దుకాణంలో ఏం కొనకూడదన్నది ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం, నాలుగంకెల కోడ్‌కు అప్పజెప్పగలిగే పని కాదు.

ఆటల్లో కొనుగోళ్ల గురించి మాత్రం విడిగా చెప్పాలి. 2014 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో జరిగిన ఒప్పందంలో ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి అంగీకరించింది. పెద్దవాళ్లు ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక పదిహేను నిమిషాల పాటు మళ్లీ అడగకుండానే కొనుగోళ్లు సాగిపోయేవి, ఆ సంగతి వాళ్లకు తెలిసేది కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో గూగుల్ కూడా ఇలాంటి ఫిర్యాదు మీదే కనీసం 1.9 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పట్నుంచి పద్ధతులు మారాయి, కానీ పాఠం అలాగే ఉంది. పిల్లలు వాడే ఫోన్‌లోని స్టోర్ ఖాతాకు మీ క్రెడిట్ కార్డు తగిలించొద్దు. అక్కడ పెట్టాల్సింది వాళ్ల ప్రీపెయిడ్ కార్డే. పొరపాటు జరిగినా ఆ వారం డబ్బుతో సరిపోతుంది.

బ్యాలెన్స్ ఉంది, కార్డు చెల్లలేదు

ప్రీపెయిడ్ కార్డుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం హోల్డ్, అంటే కొంత డబ్బును కొన్నాళ్లు పట్టి ఉంచడం. కొనుగోలు రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో వ్యాపారి ‘ఇంత ఉందా’ అని అడుగుతాడు, కార్డు కంపెనీ ఆ మొత్తాన్ని పక్కకు తీసి పట్టుకుంటుంది. రెండో మెట్టులో, కొన్ని గంటలకో రోజులకో, అసలు మొత్తం కట్ అవుతుంది. రెండూ ఒకటే అయితే ఎవరికీ తేడా తెలియదు. తేడా ఉన్నప్పుడే ఇబ్బంది.

ఒక ఆన్‌లైన్ ఆర్డర్‌ను దగ్గరగా చూద్దాం. కార్డులో 80 ఉంది. 45కి రెండు వస్తువులు ఆర్డర్ పెట్టింది అమ్మాయి. 45 హోల్డ్ పడింది, యాప్ 35 చూపిస్తోంది. ఇంతవరకు సరే. రెండు రోజుల తర్వాత ఒక వస్తువు బయల్దేరింది, దాని ధర 30. వ్యాపారి వ్యవస్థ ఆ 30ని పాత హోల్డ్‌తో జత చేయకుండా విడిగా కట్ చేసింది. ఇప్పుడు 45 హోల్డ్ అలాగే ఉంది, 30 కూడా పోయింది. యాప్‌లో కనిపించేది 5. నోట్‌బుక్కులకని 12 కట్టబోతే కార్డు చెల్లలేదు. అమ్మాయి అమ్మకు ఫోన్ చేసి ‘నేనేం కొనలేదు, 30 ఎక్కువ పోయింది’ అంటుంది. కొన్ని రోజులకు రెండో వస్తువు 15 కట్ అవుతుంది, పాత 45 హోల్డ్ గడువు తీరి రాలిపోతుంది. అప్పుడు లెక్క సరిగ్గా 35. డబ్బు ఎక్కడికీ పోలేదు, మధ్యలో కొన్నాళ్లు బిగుసుకుపోయింది.

పెట్రోల్ పంపు దగ్గర ఇదే ఇంకో రూపంలో వస్తుంది. మనిషి లేని సెల్ఫ్ సర్వీస్ పంపుకు మీరు ఎంత కొట్టించుకుంటారో ముందుగా తెలియదు. అందుకని ఒక పెద్ద మొత్తం హోల్డ్ అడుగుతుంది. కార్డులో 60 ఉండి, మీకు కావలసింది 20కే అయినా, పంపు 100 అడిగితే కార్డు చెల్లదు. లోపల కౌంటర్ దగ్గరికి వెళ్లి ‘20కి’ అని చెప్పి కట్టిస్తే ఇబ్బంది ఉండదు. హోటల్ గదులు, అద్దె కార్లు డిపాజిట్ కింద పట్టుకునే మొత్తాలు ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి, నెల దాకా కూడా. వాటికి ప్రీపెయిడ్ కార్డు ఇవ్వకపోవడమే మంచిది.

ఇరుక్కున్న హోల్డ్‌ను వదిలించాలంటే ముందు వ్యాపారికే చెప్పాలి. ఆ హోల్డ్ వదిలేయమనే సందేశం, అంటే రివర్సల్, పంపాల్సింది వాళ్లే. కార్డు కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు తేదీ, మొత్తం, వ్యాపారి పేరుతో పాటు ఆ కొనుగోలుకు అనుమతి ఇచ్చినట్టు గుర్తుగా వచ్చే ఆరు అక్షరాల ఆథరైజేషన్ కోడ్ దగ్గర పెట్టుకోండి. రసీదు మీద ఉంటుంది. అది చెబితే మాట సూటిగా పనిలోకి వెళ్తుంది, లేకపోతే అరగంట పాటు ‘ఏ కొనుగోలు’ అన్న ప్రశ్న దగ్గరే తిరుగుతుంది.

పిల్లలకు ముందే నేర్పాల్సింది ఇంకొకటి. కార్డులో 22 ఉంది, బిల్లు 30. మెషిన్‌లో 30 కొడితే చాలాచోట్ల మొత్తం చెల్లదు, ఉన్న 22 తీసుకుని మిగతాది అడగదు. కార్డు ఇచ్చే ముందే ‘22 కార్డు మీద తీసుకోండి, 8 నగదు ఇస్తాను’ అని క్యాషియర్‌కు చెప్పాలి. ఈ ఒక్క వాక్యం ఇంట్లో రెండుసార్లు అనిపించండి. వెనక జనం నిలబడి ఉండగా మెషిన్ కూతపెట్టి ఎర్ర అక్షరాలు చూపించినప్పుడు పిల్లలకు నోట మాట రాదు. చెవులు ఎర్రబడతాయి, తీసుకున్న వస్తువులు అక్కడే వదిలేసి వచ్చేస్తారు. తర్వాత ఆ కార్డు బయటికి తీయడానికే జంకుతారు. డబ్బు అయిపోవడం నేర్పే విషయమే, నలుగురిలో సిగ్గుపడటం కాదు. బయల్దేరే ముందు బ్యాలెన్స్ చూసుకునే అలవాటు చేస్తే ఆ సిగ్గు తప్పుతుంది.

ఖాళీ అయితే ఆగిపోతుందన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. విమానంలో కొనుగోళ్లు, కొన్ని నగరాల రైలు గేట్లు అప్పటికప్పుడు కంపెనీని అడగకుండానే కార్డు ఒప్పుకుంటాయి, లెక్క తర్వాత పంపుతాయి. అలా బ్యాలెన్స్ సున్నా కంటే కిందికి పోవచ్చు. ఆ బాకీ తీరేదాకా అదే కార్డును గేటు లోపలికి రానివ్వదు. ప్రయాణాన్ని విడిగా పెట్టమన్నది ఇందుకు కూడా.

నెల నెలా పాకే ఖర్చు

ఉచిత ట్రయల్ అని కార్డు నంబరు ఇచ్చి మరిచిపోయిన సబ్‌స్క్రిప్షన్ ప్రీపెయిడ్ కార్డును నిదానంగా తినేస్తుంది. చాలామంది కార్డు ఫ్రీజ్ చేసి, అంటే తాత్కాలికంగా ఆపి, వదిలేస్తారు, అది చాలదు. డబ్బు దొరక్కపోతే వ్యాపారి కొన్ని రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు, కొత్త డబ్బు పడిన రోజున పట్టుకుంటాడు. పాత కార్డు రద్దు చేసి కొత్తది తెచ్చుకున్నా, కొత్త నంబరును వ్యాపారులకు దానంతటదే అందించే సేవ వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లకు ఉంది. కాబట్టి ముందు ఆ వ్యాపారి యాప్‌లోకో సైట్‌లోకో వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయాలి, రద్దయినట్టు వచ్చిన మెయిల్ దాచాలి, ఆ తర్వాతే కార్డు సంగతి.

రీఫండ్ మామూలుగా కొన్న కార్డుకే తిరిగి వస్తుంది. వస్తువు వాపసు చేసి, డబ్బు రాకముందే కార్డు మూసేస్తే అది దిక్కులేకుండా తిరుగుతుంది. ఇక వస్తువే రాకపోవడం, రెండుసార్లు కట్ అవడం లాంటివాటికి ఫిర్యాదు చేయడానికి వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా కారణాలకు 120 రోజుల గడువు ఉంది. అయితే ‘మా అబ్బాయి తెలియక కొన్నాడు’ అన్నది మోసం కిందికి రాదు. కార్డు ఇచ్చింది మనమే. అలాంటప్పుడు వ్యాపారిని మర్యాదగా అడగడమే దారి.

మెసేజ్ వచ్చినంత మాత్రాన అడగనక్కర్లేదు

పిల్ల ఎక్కడ ఏం కొన్నా క్షణంలో అమ్మ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చాలా యాప్‌లు దీన్నే పెద్ద బలంగా చెప్పుకుంటాయి. నాకు ఇది కార్డులోకెల్లా జాగ్రత్తగా వాడాల్సిన భాగం అనిపిస్తుంది.

మెసేజ్‌లో ఉండేది దుకాణం పేరు, అంకె. ఆ పేరు కూడా చాలాసార్లు బోర్డు మీద ఉన్న పేరు కాదు, వెనకున్న కంపెనీదో, చెల్లింపు సేవదో. ఆ రెండు ముక్కలు పట్టుకుని ‘ఇదేంటి’ అని ఫోన్ చేస్తే జవాబు చెప్పాల్సిన పిల్ల తరగతిలోనో, స్నేహితుల మధ్యనో ఉంటుంది. మందుల షాపులో 14 ఖర్చుపెట్టిన పదమూడేళ్ల అమ్మాయి అది దేనికో అప్పటికప్పుడు నాన్నకు వివరించాల్సిన పని లేదు. ఆ మాత్రం మరుగు ఆమె హక్కు. ప్రతి కొనుగోలుకూ ప్రశ్న వస్తుందని తెలిశాక పిల్లలు కార్డు మానేసి నగదు వైపు మళ్లుతారు. అప్పుడు కనిపించేదీ ఉండదు, మాట్లాడుకునేదీ ఉండదు.

పెద్దవాళ్ల ఫోన్‌కు మూడే రానివ్వండి: కార్డు చెల్లని సందర్భం, ఏటీఎం నుంచి నగదు, విదేశీ వ్యాపారి కొనుగోలు. అన్ని మెసేజ్‌లూ పిల్లల ఫోన్‌కు వెళ్లాలి, డబ్బు వాళ్లది కాబట్టి. డబ్బు వేసే రోజున పది నిమిషాలు ఇద్దరూ కూర్చుని వారం స్టేట్‌మెంట్ చూడండి. చదివేది పిల్లలు, వినేది మీరు. ‘ఇందులో మళ్లీ కొనను అనిపించింది ఏది’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఇదే ఊపులో ఇంకో మాట. మార్కులు తగ్గాయనో, మాట వినలేదనో కార్డు ఫ్రీజ్ చేయకండి. ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే. ఫ్రీజ్ బటన్ కార్డు పోయినప్పుడు నొక్కడానికి ఉంది. దాన్ని శిక్షగా వాడితే, నిజంగా కార్డు పోయిన రోజున పిల్లలు ఆ సంగతి దాచిపెడతారు. అప్పుడు పోయే డబ్బు ఎక్కువ.

పెద్దల కార్డుల సంగతి

పెద్దవాళ్ల కార్డులు ఎప్పుడూ ఖాళీ అవకుండా, పిల్లలవే ఖాళీ అవుతుంటే ఈ పద్ధతి నిలబడదు. ఇంటి ఖర్చుల్లో అద్దె, ఫీజులు, కరెంటు లాంటి స్థిరమైనవి బ్యాంకు ఖాతా నుంచే పోనివ్వండి. మారుతుండే ఖర్చులకు, అంటే సరుకులు, బయటి తిండి, బట్టలకు ఒక ప్రీపెయిడ్ కార్డు పెట్టి వారానికింత వేసుకోండి. భార్యాభర్తలిద్దరికీ లెక్క చెప్పనక్కర్లేని సొంత మొత్తం విడిగా ఉండాలి, ఇద్దరికీ సమానంగా. ‘ఈ వారం సరుకుల కార్డులో 18 ఉంది, ఇది వచ్చే వారం చూద్దాం’ అని పెద్దవాళ్లు పైకి అనడం పిల్లలు వినాలి.

వయసు మళ్లిన తల్లిదండ్రులకు కార్డు ఇచ్చేటప్పుడు మాత్రం నేను పైన చెప్పినదాన్ని తిరగేయాలి. డెబ్బై ఐదేళ్ల మనిషికి మందుల షాపులో కార్డు చెల్లకపోతే అందులో నేర్చుకునేది ఏమీ లేదు, అవమానం తప్ప. అక్కడ ఆటోమేటిక్‌గా డబ్బు పడటం మంచిదే. రెండు వారాల మామూలు ఖర్చు, దానికి సగం అదనంగా ఎప్పుడూ కార్డులో ఉండాలి. ఒక్కసారికి ఇంతకు మించకూడదన్న లిమిట్ మాత్రం పెట్టండి. ఇక్కడ కార్డు చేసే మేలు వేరు. ‘మీ కార్డు బ్లాకైంది, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ చేసే మోసగాడికి చిక్కేది ఆ కాస్త మొత్తమే, జీవితకాలం దాచుకున్న ఖాతా కాదు. ఇదంతా వాళ్లతో కూర్చుని, వాళ్లు సరేనన్నాకే. డబ్బు వాళ్లదైనప్పుడు మెసేజ్‌లు మీకు రావాలా వద్దా అన్నదీ వాళ్లే చెప్పాలి. ఇంట్లో సాయం చేసే మనిషి సరుకులు తెస్తుంటే ఆమె వాడటానికి విడి కార్డు ఇప్పించండి. పెద్దవాళ్ల కార్డు, పిన్ ఆమెకు ఇవ్వడం ఇద్దరికీ మంచిది కాదు. రేపు లెక్క తేడా వస్తే నిర్దోషి దగ్గర కూడా రుజువు ఉండదు.

రుసుములు, డబ్బు భద్రత

రుసుముల్ని అంకెలుగా కాక శాతాలుగా చూడండి. ప్రతి లోడుకూ, అంటే డబ్బు వేసిన ప్రతిసారీ, 3 తీసుకునే కార్డులో 60 వేస్తే అప్పుడే 5 శాతం పోయింది. 600 వేస్తే అర శాతం. పిల్లలకు వారం వారం కొద్దికొద్దిగా వేసే పద్ధతిలో లోడు రుసుమే అసలు శత్రువు. చాలాచోట్ల బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌తో పెద్ద వాలెట్‌కు వేస్తే రుసుము ఉండదు, లోపల వాలెట్ నుంచి పిల్లల కార్డుకు పంపడమూ ఉచితమే. నెలకోసారి వాలెట్‌లోకి, వారానికోసారి కార్డులోకి అని పెట్టుకోండి. నెలవారీ రుసుము, వాడకపోతే వేసే రుసుము, కార్డు మళ్లీ ముద్రించడానికి తీసుకునేది, ఏటీఎం రుసుము, విదేశీ కరెన్సీ మార్పిడి, ఈ ఐదూ చేరేముందే చూడాలి. పరదేశంలో మెషిన్ ‘మీ కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే కట్టమని పిల్లలకు చెప్పండి. మెషిన్ వేసే మార్పిడి రేటు మామూలుగా ఎక్కువ పడుతుంది.

ప్రీపెయిడ్ కంపెనీ చాలాసార్లు బ్యాంకు కాదు. యాప్ ఒకరిది, కార్డు జారీ చేసేది ఇంకొకరు, డబ్బు ఉండేది మూడోచోట. 2020 జూన్‌లో జర్మనీకి చెందిన వైర్‌కార్డ్ కుప్పకూలినప్పుడు, బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 26న దాని బ్రిటిష్ విభాగం కార్యకలాపాలు ఆపింది. దానిమీద ఆధారపడ్డ పలు యాప్‌ల వాడుకదారులకు 30న ఆంక్ష తొలగేదాకా సొంత డబ్బే అందలేదు. 2024లో అమెరికాలో సినాప్స్ అనే మధ్యవర్తి కంపెనీ దివాలా తీసినప్పుడైతే, ఎవరి డబ్బు ఏ బ్యాంకులో ఎంత ఉందో లెక్కలు కుదరక చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు. అందుకే ఈ కార్డుల్లో నెల ఖర్చుకు మించి ఉంచొద్దు. పిల్లల పొదుపు బ్యాంకు ఖాతాలోకి వెళ్లాలి. ఇంట్లో, బ్యాగులో కాస్త నగదు ఎప్పుడూ ఉండాలి.

ఖాళీ అయిన రోజు

ఆ రోజు వస్తుందని ముందే తెలుసు కాబట్టి నియమాలు కూడా ముందే అనుకోవాలి. ఇంటికి రావడానికి, ఆరోగ్యానికి కావలసిందైతే ఒక్క ప్రశ్న లేకుండా వెంటనే డబ్బు పంపాలి. మిగతా దేనికైనా వచ్చే జమ రోజుదాకా ఆగాలి. నిజంగా కావలసిందేదైనా ఉందంటే వచ్చే వారం దాంట్లోంచి ముందుగా ఇవ్వొచ్చు, సగానికి మించకుండా, వరసగా రెండు వారాలు కాకుండా. ఇచ్చింది రాసుకుని, వచ్చే వారం అంత తగ్గించే వేయాలి. మొహమాటానికి పూర్తిగా వేసేస్తే అంతకుముందు చెప్పిన మాటలన్నీ గాలికి పోయినట్టే. మొదటి రెండు నెలలు వారం మధ్యలోనే కార్డు ఖాళీ అవడం మామూలు. మూడో నెలకు కూడా ప్రతి వారం రెండో రోజుకే అయిపోతుంటే తప్పు పిల్లలదే అనుకోకండి. ఇష్టాల జేబులోంచి తప్పనిసరి ఖర్చేదో పోతుండొచ్చు, లేదా పాత సబ్‌స్క్రిప్షన్ ఒకటి పాకుతుండొచ్చు. ముందు స్టేట్‌మెంట్ చూడండి.

పద్దెనిమిది నిండి సొంత బ్యాంకు ఖాతాకు మారేటప్పుడు కార్డును ఒక్కరోజులో మూసేయొద్దు. ఈ కార్డు తగిలించిన సేవలన్నిటినీ ముందు కొత్త కార్డుకు మార్చాలి. నెల రోజులు పాతదాన్ని 10, 15 బ్యాలెన్స్‌తో తెరిచి ఉంచితే మరిచిపోయిన సబ్‌స్క్రిప్షన్ ఏదైనా ఉంటే బయటపడుతుంది, రావాల్సిన రీఫండ్లూ వచ్చేస్తాయి. స్టేట్‌మెంట్లన్నీ దింపుకుని దాచాలి, ఖాతా మూశాక యాప్‌లోకి వెళ్లే దారి ఉండదు. మిగిలింది బ్యాంకు ఖాతాకు పంపి, బ్యాలెన్స్ సున్నా చూశాక మూయమని అడిగి, మూసినట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకుని, అప్పుడు కార్డును చిప్ మీదుగా కత్తిరించండి.